కోరికల అంగడి: విశాఖ నేపథ్యంలో ఫాంటసీ గ్రాఫిక్ నవల తయారుచేయడం ఎలా?

కోరికలు కొనుక్కునే, అమ్ముకునే లోకాన్ని ఊహించి గ్రాఫిక్ నవల గీయాలనుకునేవారు సాధారణంగా కోరిక తీరే ఘట్టంతోనే మొదలుపెడతారు. పెట్టె తెరుచుకుంటుంది, వెలుగు చిమ్ముతుంది, పూరిపాక ఉన్నచోట మేడ లేస్తుంది. అటువంటి పేజీ చూడముచ్చటగానే ఉంటుంది గానీ, రెండోసారి వచ్చేసరికి పాఠకుడు దాన్ని చూడకుండానే తిప్పేస్తాడు. ఏ వస్తువైనా అమ్మకానికి వచ్చిందంటే దానికొక తూకం, ఒక ధర, ఒక దళారి, ఎక్కడో ఒక బాకీ ఉండి తీరతాయి. ఈ తరహా కథకు పట్టు దొరికేది వాటి దగ్గరే. అందుకని ఇక్కడ చెప్పే పద్ధతి బేరంతో మొదలై బొమ్మకు చేరుతుంది. కథాస్థలం విశాఖపట్నం అనుకుందాం. చేపల వేలం, బంగారం తూకం, మొక్కులు చెల్లించే కొండ, ఈ మూడూ సిటీ బస్సులో తిరిగి చూసి రాగలిగినంత దగ్గరలో ఉన్న ఊరు ఇది.

ముందు వ్యాపార నియమాలు రాసుకోండి

పెన్సిలు ముట్టుకోకముందే ఒక తెల్లకాగితం తీసుకుని అయిదు ప్రశ్నలకు జవాబులు రాయండి. కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? దేనిలో నిలవ ఉంటుంది? దేనితో తూస్తారు? ఎన్నాళ్ళకు పాడవుతుంది? మోసం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఒక్కో జవాబు ఒక్క వాక్యంలో ఇమడాలి. రెండు వాక్యాలు పడుతున్నదంటే ఆ నియమాన్ని బొమ్మల్లో చూపించలేరని, చివరకు దాన్ని వివరించడానికి ఒక ముసలి పాత్రను తెచ్చి పేజీల కొద్దీ మాట్లాడించవలసి వస్తుందని అర్థం.

మొదటి ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగడం మంచిది. నా సలహా అడిగితే, కోరికను ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువుగా కాకుండా ఒక మనిషి వదులుకున్న దానిగా పెట్టుకోండి. అంటే, ఒకడు తన కోరికను అమ్మేశాడంటే ఇక ఆ కోరిక వాడిలో ఉండదు. సొంత బోటు కొనాలని ఇరవై ఏళ్ళుగా కలలుగన్న మత్స్యకారుడు కూతురి పెళ్ళికోసం ఆ కోరికను అమ్ముకున్నాడనుకుందాం. మర్నాటి నుంచి వాడికి బాధ కూడా ఉండదు. ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు, ఎదురుగా కొత్త మరబోటు నీళ్ళలోకి దిగుతున్నా తలెత్తి చూడడు. ఈ నష్టానికి మాటలు అక్కరలేదు, ఆ మనిషి చూపు ఎటుందో గీస్తే సరిపోతుంది. బొమ్మల కథకు నియమాలు ఎంచుకునేటప్పుడు గీతలో కనబడేదాన్నే ఎంచుకోవాలి.

ఆ తర్వాత తేల్చుకోవలసింది డబ్బు ఎప్పుడు చేతులు మారుతుందన్నది. మన ఇళ్ళల్లో మొక్కుకునే పద్ధతి గుర్తుచేసుకోండి: పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి పక్కన పెడతారు, పని జరిగిన తర్వాతే కొండకు వెళ్ళి మొక్కు చెల్లిస్తారు. అంగడిలో అలా కుదరదు, బయానా ముందే ఇవ్వాలి. దేవుడు పని చేసి పెట్టిన తర్వాత పుచ్చుకుంటాడు, వ్యాపారి ముందే పుచ్చుకుంటాడు. ఈ తేడాను మీ కథలోని మనుషులు గమనించి తమలో తాము మాట్లాడుకుంటే భక్తికీ వ్యాపారానికీ మధ్య గీత దానంతటదే ఏర్పడుతుంది. దేవుణ్ణే దుకాణంలో కూర్చోబెట్టి గీయాలన్న సరదా కొందరికి కలుగుతుంది. దానివల్ల నలుగురి మనసు నొచ్చుకోవడం ఒక సంగతి. అంతకంటే ముందు కథ చెడిపోతుంది, ఎందుకంటే అన్నీ ఇవ్వగలవాడితో ఎవరూ బేరమాడలేరు.

అప్పు గురించి కూడా ఆలోచించాలి. డబ్బున్నవాళ్ళు కోరికలు కొంటారు, లేనివాళ్ళు అమ్ముతారు అని గీత గీసేస్తే కథ మొదటి అధ్యాయంలోనే తేలిపోతుంది. మన వీధుల్లో లేనివాళ్ళు కూడా పెద్ద ఖర్చులు చేస్తూనే ఉంటారు, చీటీలు కట్టి. చీటీ లెక్క తెలిసిందే: 20 మంది నెలకు 5,000 రూపాయల చొప్పున వేస్తే లక్ష పోగవుతుంది, అత్యవసరంలో ఉన్నవాడు 30,000 తగ్గించి పాడి 70,000 తీసుకుంటాడు, నిర్వాహకుడి కమిషన్ పక్కనపెడితే ఆ 30,000 ఇరవై మందికీ తలా 1,500 చొప్పున పడుతుంది. అవసరం ఎంత పెద్దదైతే కోత అంత పెద్దది. ఇప్పుడు రూపాయల స్థానంలో కోరిక పాళ్ళు పెట్టండి. ఇరవై పాళ్ళు కలిస్తే ఒక నిండు కోరిక అవుతుంది, పాటలో ఆరు పాళ్ళు వదులుకున్న తల్లి చేతికి పద్నాలుగే వస్తాయి. కొడుక్కి పర్మనెంటు ఉద్యోగం కోరుకున్న ఆ ఇంటికి కాంట్రాక్టు కార్మికుడి గేటు పాసు వస్తుంది. ఓపికగా చివరిదాకా ఆగిన ఇరుగుపొరుగువారు, ఏ పాపమూ ఎరగనివాళ్ళే, ఆమె పోగొట్టుకున్న ఆరు పాళ్ళనూ పంచుకుని ఉంటారు. ఇందులో విలన్ అవసరం లేదు. కాగితం మీద రాసిచ్చిన ఆశ ఒక తరం నుంచి మరో తరానికి వారసత్వంగా వెళ్ళడం ఈ ఊరికి కొత్త కూడా కాదు. స్టీల్ ప్లాంటుకు భూములిచ్చిన కుటుంబాలలో ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు, అన్నమాట వినని పిల్లలుండరు.

వరంలోని లొసుగును పట్టుకుని కథ నడపడం చాలా పాత ఉపాయం. పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని చోట చావు తెచ్చుకున్న హిరణ్యకశిపుడి కథ సింహాచలం స్థలపురాణంతో పెనవేసుకునే ఉంది, ప్రహ్లాదుణ్ణి తోయించింది ఆ కొండమీది నుంచేనని ఇక్కడివారి నమ్మకం. కనుక మీ పాఠకుడికి లొసుగు అంటే ఏమిటో మీకంటే ముందే తెలుసు. మొత్తం నవలలో దాన్ని ఒక్కసారికి మించి వాడకండి.

వెళ్ళి చూసి గీయవలసిన చోట్లు

నియమాలు స్థిరపడిన తర్వాత స్కెచ్చు పుస్తకంతో ఫిషింగ్ హార్బరుకు తెల్లవారకముందే వెళ్ళండి. అక్కడ గమనించవలసింది చేపలను కాదు, వేలంపాట జరిగే తీరును. బోటు నుంచి దింపిన సరుకు నేలమీద కుప్పలుగా పడుతుంది. వంజరాలు ఒకచోట, చందువాలు ఒకచోట, కానాగంతలు ఇంకోచోట. పాట పాడించేవాడు కుప్ప దగ్గర నిలబడి ధర పెంచుకుంటూ పోతాడు, చుట్టూ గంపలతో ఉన్న ఆడవాళ్ళు కుప్పను కాక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు. ఎవరు ఎంతవరకూ వెళతారో వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. పాట దక్కిన మనిషి ముఖంలో సంతోషం ఒక్క క్షణం కూడా నిలవదు, వెంటనే ఐసుకోసం, ఆటోకోసం కేకలు వేస్తుంది. కోరికల వేలాన్ని గీసేటప్పుడు ఈ తొందర ఉండాలి. నిలవ ఉంటే పాడయ్యే సరుకును కొన్నవాళ్ళకు ఆనందించే తీరిక ఉండదు కదా.

మనుషుల ఫోటోలు తీసేముందు అడగండి. ఓడరేవు, నౌకాదళం వైపు మాత్రం కెమెరా తిప్పకండి, అక్కడి దృశ్యాలను ఆ తర్వాత ఊహతో నింపుకోవచ్చు. ఫాంటసీ కాబట్టి నౌకాశ్రయం ముఖద్వారాన్ని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ మీకుంది. డాల్ఫిన్ నోస్ కొండనూ, దానికి ఎదురుగా గుడి, దర్గా, చర్చి ఒక్కొక్కటి ఒక్కో గుట్టమీద ఉన్న పాతపట్నాన్నీ మాత్రం అలాగే ఉంచండి, ఊరు గుర్తుపట్టడానికి ఆ గీత ఒక్కటి చాలు.

రెండో చోటు కురుపాం మార్కెట్టు. బంగారు దుకాణంలో తూకం దగ్గర జరిగే సంభాషణ మీ నవలకు సగం మాటలు ఇస్తుంది. తరుగు, మజూరీ, రాళ్ళ బరువు తీసివేత, పాత బంగారం మార్పిడి, తాకట్టు, నూటికి రెండు రూపాయల వడ్డీ: ఈ మాటలన్నీ కోరికలకు ఉన్నవి ఉన్నట్టుగా సరిపోతాయి. 22 క్యారెట్ల నగమీద 916 ముద్ర ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగనూ విడిగా గుర్తించే ఆరు అక్షరాంకెల హెచ్‌యుఐడి సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదు. మీ కోరిక అడుగున కూడా అటువంటి సంఖ్యే ఒకటి చెక్కి ఉందనుకోండి. ఒకే సంఖ్య రెండు కోరికలమీద కనబడిన రోజున కథకు ఒక మలుపు దొరికినట్టే.

కోరికను దేనిలో పెట్టాలన్న ప్రశ్నకు సీసా, దీపం వంటి జవాబులు ముందుగా తడతాయి, వాటిని పక్కన పెట్టండి. ఈ ప్రాంతానికి ఏటికొప్పాక లక్కభరిణె ఉంది. అంకుడు కర్రను తరిణి (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకుంటుంది. మూత ఎంత బిగువుగా కూర్చుంటుందంటే తెరిచినప్పుడు చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు ఒక ధ్వని మాట కల్పించి, దాన్ని నవల పొడుగునా ప్రతి భరిణె తెరిచినప్పుడూ ఒకే అక్షరాలతో, ఒకే పరిమాణంలో వాడండి. కొంత దూరం వెళ్ళాక భరిణె బొమ్మ లేకుండా ఆ మాట ఒక్కటీ వేసినా, పక్కగదిలో ఎవరో కోరిక వాడేశారని పాఠకుడు గ్రహిస్తాడు.

కథాకాలాన్ని ఎంచుకోవడంలో క్యాలెండరు మీకు పెద్ద సాయం చేస్తుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వైశాఖ శుద్ధ తదియ ఆ గడువులోనే వస్తుంది. ఆనాడు సింహాచలంలో చందనోత్సవం, ఏడాదికొక్కసారి స్వామి నిజరూప దర్శనం. ఆనాడే అక్షయ తృతీయ కనుక బంగారం దుకాణాల ముందు బారులు. అంటే, హార్బరులో చేతిలో డబ్బాడని రోజుల్లో, కొండమీద మొక్కులు, కింద కొనుగోళ్ళు ఒక్కరోజునే జరుగుతాయి. కోరికలు అమ్ముకోవలసినవారికీ కొనుక్కోవాలనుకునేవారికీ ఇంతకంటే మంచి రోజు కల్పించినా దొరకదు. నవల ఆ ఉదయానికి చేరేలా అధ్యాయాలను వెనక్కి లెక్కపెట్టుకుంటూ పేర్చుకోండి.

స్క్రిప్టు

గ్రాఫిక్ నవల స్క్రిప్టును పేజీల వారీగా, పేజీలో ప్యానెళ్ళ (బొమ్మల గడుల) వారీగా రాస్తారు. ఒక ప్యానెల్లో ఒక పనే జరగాలి. "లేచి, తలుపు తీసి, బయటికి చూసింది" అని రాస్తే అవి మూడు ప్యానెళ్ళవుతాయి, లేదా వాటిలో రెండింటిని వదులుకోవాలి. పేజీకి అయిదారు ప్యానెళ్ళు సాధారణం. బేరం జరిగే పేజీలో మాత్రం సంఖ్య పెంచి, ప్యానెళ్ళను చిన్నవి చేసి, ముఖాల బదులు చేతులనూ తక్కెడనూ చూపించడం మేలు. ఉదాహరణకు, అప్పలనర్సమ్మ అనే పాత్ర కురుపాం మార్కెట్టు సందులో తన కోరిక అమ్మడానికి వచ్చిన పేజీని ఇలా రాయవచ్చు.

ఒకటో ప్యానెల్: తక్కెడ మాత్రమే. ఒక పళ్ళెంలో ఎర్రటి లక్కభరిణె, రెండోదాంట్లో గురిగింజలు. మాటలు లేవు.
రెండో ప్యానెల్: దుకాణదారు వేళ్ళు గింజలు ఒక్కొక్కటే తీసేస్తున్నాయి. "తరుగు పోను పద్నాలుగమ్మా."
మూడో ప్యానెల్: నర్సమ్మ చెయ్యి, కొంగు ముడిమీద బిగిసి. "ఏటి బావూ, మా ఇంటికాడ తూస్తే ఇరవై ఉన్నాది గదా?"
నాలుగో ప్యానెల్: మళ్ళీ తక్కెడ, ఈసారి భరిణె మూత తీసి పక్కన పెట్టి ఉంది. "మూతతో కలిపి తూసుంటారు."
అయిదో ప్యానెల్: నర్సమ్మ ముఖం, పేజీలో మొదటిసారి. మాటలు లేవు.

ఇక్కడ మాయ ఏమీ జరగలేదు. అయినా కోరికకు తూకం ఉంటుందని, తరుగు తీస్తారని, మనిషికి తెలియకుండా మోసపోవడం సాధ్యమని పాఠకుడికి తెలిసిపోయింది. ముఖాన్ని చివరిదాకా దాచడం వల్ల ఆ ఒక్క ప్యానెల్ మిగతా నాలుగింటి బరువూ మోస్తుంది.

మాండలికం విషయంలో ఒక మాట. ఉత్తరాంధ్ర యాసను హాస్యపాత్రకో పేద పాత్రకో పరిమితం చేయడం సినిమాలు అలవాటు చేసిన పని. మీ నవలలో దుకాణదారు, ప్లీడరు, కాలేజీ లెక్చరరు కూడా ఇంట్లో మాట్లాడేటప్పుడు అదే యాసలో మాట్లాడాలి, దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం పుస్తకాల భాషకు మారవచ్చు. అలా మారడమే బేరం మొదలైందనడానికి గుర్తు అవుతుంది. పై పేజీలో దుకాణదారు మాట ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

పేజీల అమరిక

స్క్రిప్టు పూర్తయ్యాక మొత్తం నవలను అగ్గిపెట్టె పరిమాణంలో, ఎదురెదురు పేజీలను జతలుగా గీసుకోండి. ఇక్కడ ముఖం కుదురుగా రావాలన్న పట్టింపు పెట్టుకోకూడదు. చూసుకోవలసింది పేజీ తిప్పే చోటు. పుస్తకంలో బేసిసంఖ్య పేజీలు కుడివైపున పడతాయి; పాఠకుడు కుడిపేజీ చివరి ప్యానెల్ చదివి పేజీ తిప్పుతాడు. ఆశ్చర్యపరచవలసిన బొమ్మ సరిసంఖ్య పేజీలో మొదటి ప్యానెల్‌గా ఉండాలి, దానికి దారితీసే ప్రశ్న దానికి ముందున్న బేసి పేజీ చివర ఉండాలి. భరిణె మూతమీద చెయ్యి ఉన్న ప్యానెల్ కుడిపేజీ అడుగున, లోపల ఉన్నది వెనక పేజీలో. ఎదురెదురు పేజీల్లో పెడితే కంటికి రెండూ ఒక్కసారే కనబడి ఆ గుట్టు కాస్తా పోతుంది. దీనికోసం అవసరమైతే ఒక పేజీ పెంచండి, లేదా తీసేయండి.

తెలుగు అక్షరాలు, రంగు, అచ్చు

పాత్రల మాటలుండే బెలూన్లను చివర్లో అతికిద్దామని వదిలేస్తే బొమ్మలు పాడవుతాయి. తెలుగు మాటలు పొడుగు. "తీసుకెళ్ళిపోతున్నారంటావా" అన్న ఒక్క మాటే ఒక వరసను నింపేస్తుంది. కనుక బెలూన్‌కు పన్నెండు, పదిహేను మాటలు మించనివ్వకండి, బెలూన్‌ను నిలువుగా కాక అడ్డంగా సాగదీయండి, చిన్న స్కెచ్చుల దశలోనే దాని చోటు గుర్తించండి. పైన గుడులు, కింద వత్తులు వస్తాయి కాబట్టి వరసల మధ్య దూరం అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్ల దాకా ఉండాలి. అచ్చులో తొమ్మిది పాయింట్లకంటే తగ్గితే "స్త్రీ", "రాష్ట్రం" వంటివి మసిబొట్లలా తయారవుతాయి. మాటను వరస చివర విరవవలసి వస్తే అక్షరం మధ్యలో విరగకుండా చూసుకోండి.

ఫాంట్ల విషయంలో రామభద్ర, మండలి, లక్కిరెడ్డి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా, స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. వీటిలో లక్కిరెడ్డికి చేతిరాత వంపు ఉంది కనుక బెలూన్లకు నప్పుతుంది, కథకుడి మాటలకు మండలి పెట్టుకోవచ్చు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో టైప్ సెట్టింగులలో దక్షిణాసియా భాషలకు ఉద్దేశించిన వరల్డ్ రెడీ లేఅవుట్‌ను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ బెడద లేదు.

రంగులకు పెద్ద ఖర్చు అక్కరలేదు. నలుపు, దానితోపాటు లక్క ఎరుపు ఒక్కటి పెట్టుకుని, ఆ ఎరుపును కోరికకు తప్ప మరి దేనికీ వాడకుండా ఉంటే రెండు రంగుల ఆఫ్‌సెట్ అచ్చుతో పని గడుస్తుంది. కోరిక అమ్ముకోని మనిషి బొమ్మలో ఎక్కడో చిన్న ఎరుపు, రవిక అంచో బొట్టో, ఉంచి, అమ్ముకున్నాక అదే చోట బూడిదరంగు వేస్తే చాలు. శ్రద్ధగా చూసేవాళ్ళు పట్టుకుంటారు, చూడనివాళ్ళకు కథేమీ తగ్గదు.

ఇక ప్రెస్సుకు వెళ్ళేటప్పటి సంగతులు. నల్లగీత బొమ్మలను 600 డిపిఐలో (అంగుళానికి 600 చుక్కలు), షేడింగు ఉన్నవాటిని 300లో సిద్ధం చేయండి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటించి ఉంచే భాగం) వదలండి. పేజీల సంఖ్య పదహారు గుణకంలో ఉంటే కాగితం వృథా కాదు. అక్షరాలు నలుపు ఒక్కదానితోనే అచ్చుకావాలి, ఇతర రంగుల మిశ్రమంతో కాదు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బిఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. కాపీరైటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కృతి రూపొందిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. కథ ఒకరిది, బొమ్మ మరొకరిది అయితే మాత్రం వాటాలు ముందే కాగితంమీద పెట్టుకోండి. చాలా డిటిపి కేంద్రాలు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో పనిచేస్తాయి, మీ యూనికోడ్ ఫైలు అక్కడ తెరుచుకుంటుందన్న హామీ లేదు. అందుకని అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా (ఫాంటు అక్కరలేని గీతల బొమ్మలుగా) మార్చిన పిడిఎఫ్ ఇచ్చి, మొదటి పదహారు పేజీలకు ప్రూఫు తీయించి, బెలూన్లను ఒక్కొక్కటిగా పైకి చదువుతూ వత్తులు సరిచూసుకున్న తర్వాతే మిగతా అచ్చుకు సంతకం పెట్టండి.